చక్కెర సున్నం, నా బ్యాక్‌లింకుల కథ

పోయిన వారం మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. "సార్, మీ వెబ్‌సైటుకు 500 హై క్వాలిటీ బ్యాక్‌లింకులు. ఆర్టికల్స్ మేమే రాసి మేమే పెడతాం. గూగుల్ ఫస్ట్ పేజీ గ్యారంటీ." బ్యాక్‌లింకు అంటే వేరే సైటు నుంచి మన సైటుకు వచ్చే లింకు. మామూలుగా అయితే ఆ మెసేజ్ డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఇలాంటి ఆర్టికల్స్ రాసి పొట్ట పోసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆ తర్వాత బుద్ధి లేక అదే సరుకు డబ్బులిచ్చి కొన్నాను కూడా. అందుకని ఈసారి కూర్చుని రాద్దామనిపించింది.

మాది నల్లగొండ పక్కన కనగల్ మండలం. నాయిన ముప్పై ఏళ్లుగా బత్తాయి అంట్లు కడతాడు. నాకు ఆ చేతివాటం రాలేదు. ఎన్జీ కాలేజీలో బీకాం అయిపోగానే 2010లో హైదరాబాద్ బస్సెక్కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు. అందులో కంటెంట్ రైటర్ ఉద్యోగం, జీతం ఏడు వేలు. రోజుకు పన్నెండు వ్యాసాలు ఇంగ్లీషులో రాయాలి, ఒక్కోటి 400 పదాలకు తగ్గకూడదు. అమెరికాలో ఎవరికో ఇళ్ల పైకప్పులు వేసే కంపెనీ ఉండేది. మంచు బరువుకు పైకప్పు కుంగకుండా ఏం చేయాలో నేను ఒక వంద రకాలుగా రాసి ఉంటాను. మంచు మాత్రం ఇప్పటికీ కళ్లతో చూడలేదు.

ఎందుకు రాస్తున్నామో మా టీమ్ లీడర్ మొదటి రోజే బోర్డు మీద గీసి చెప్పాడు. ఒక సైటు ఇంకో సైటుకు లింకు ఇస్తే గూగుల్ దాన్ని ఓటు కింద లెక్కేస్తుంది. లారీ పేజ్, సెర్గే బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునేటప్పుడు మొదలుపెట్టిన పేజ్‌ర్యాంక్ లెక్క అదే. ఎక్కువ ఓట్లు, అందులోనూ పెద్దమనుషుల ఓట్లు పడితే పైకి వస్తావు. మరి ఓట్లు ఎక్కడ దొరుకుతాయి? ఎజైన్ ఆర్టికల్స్ లాంటి డైరెక్టరీల్లో. ఎవరైనా వ్యాసం ఇస్తే ఊరికే వేసుకుంటారు. వ్యాసం కింద రిసోర్స్ బాక్స్ అని చిన్న జాగా ఇస్తారు, అందులో మన సైటు లింకు పెట్టుకోవచ్చు. ఆ జాగా కోసమే పైన ఉన్న 400 పదాలు. దాన్నే ఆర్టికల్ మార్కెటింగ్ అనేవాళ్లం. పెళ్లికి పోయి అక్షింతలు వేయకుండా నేరుగా బంతిలో కూర్చోవడం లాంటిది.

ఒకే వ్యాసం అందరికీ ఇస్తే కాపీ అని దొరికిపోతాం కదా. అందుకు స్పిన్నింగ్. ప్రతి మాటకూ నాలుగైదు బదులు మాటలు బ్రాకెట్లలో పెట్టి, మధ్యలో నిలువు గీతలు గీసి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, ఒక వ్యాసాన్ని ముప్పై వ్యాసాలుగా తిప్పి ఇచ్చేది. ఆ ముప్పైని మనిషన్నవాడు ఎవడూ చదవడు. చదవాలని మేమూ అనుకోలేదు.

2011 ఫిబ్రవరిలో గూగుల్ తన సెర్చ్ లెక్కను మార్చి పాండా అప్‌డేట్ తెచ్చింది. పసలేని పేజీలతో నిండిన సైట్లు ముందు అమెరికాలో, ఏప్రిల్‌కల్లా ఇంగ్లీషు వాడే అన్ని చోట్లా కిందికి జారాయి. ఎజైన్ ఆర్టికల్స్ కూడా దెబ్బతింది. ఓటేసే పెద్దమనిషికే పరపతి పోతే ఆ ఓటుకు విలువేముంటుంది? మా ఆఫీసులో మాత్రం ఎవరూ పాఠం నేర్చుకోలేదు. డైరెక్టరీలు మార్చి అదే పని చేశాం. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే ఇంకో అప్‌డేట్ వచ్చింది. అది నేరుగా లింకుల మీదే పడింది. వందల సైట్ల నుంచి ఒకే మాట మీద ఒకే సైటుకు లింకు పోతుంటే అది సహజంగా వచ్చింది కాదని కనిపెట్టేసింది. క్లయింట్ల నుంచి రోజూ తిట్ల మెయిళ్లు.

అప్పుడు మా ఆఫీసు ఏం చేసిందో చెప్పాలి. లింకులు పెట్టడానికి డబ్బులు తీసుకున్న చేత్తోనే, లింకులు తీయించడానికి ప్యాకేజీ పెట్టింది. నేను పెట్టిన లింకులు తీసేయమని ఆ సైట్ల వాళ్లను నేనే బతిమాలుతూ మెయిళ్లు రాశాను. కొందరు తీసేయడానికి మళ్లీ డబ్బులు అడిగారు. ఆ ఏడాది అక్టోబరులో గూగుల్ డిసవౌ టూల్ ఇచ్చింది, అంటే ఈ లింకులతో నాకు సంబంధం లేదని చెప్పుకునే దరఖాస్తు అన్నమాట. ఆ ఫైళ్లు నింపుతూ నింపుతూ ఒకరోజు విసుగొచ్చి ఇంటికొచ్చేశాను.

మళ్లీ వెబ్‌సైటు జోలికి పోయింది 2019లో, మా నర్సరీ కోసం. ఒక పేజీలో ఫోటోలు, ఫోన్ నంబరు, మ్యాపు. ఆరు నెలలైనా ఫోన్లు లేవు. "బత్తాయి మొక్కలు నల్లగొండ" అని కొడితే వేరే నర్సరీ పైన వస్తోంది, మాది రెండో పేజీలో ఎక్కడో పడుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన ఫోన్ చేసి ఎనిమిది వేలకు 240 లింకులన్నాడు. నాకు తెలుసు. అన్నీ తెలుసు. అయినా ఇచ్చాను. పొలం పనుల టెన్షన్‌లో "ఒకవేళ పని చేస్తే" అనే మాట చెవిలో దూరిందంటే తెలివి వెనక్కి పోతుంది.

నెల తర్వాత ఎక్సెల్ షీటు వచ్చింది. ఇంటర్ చదివే మా అక్క కూతురు ఒక లింకు తెరిచి పైకి చదవడం మొదలుపెట్టి, రెండో లైనుకే మంచం మీద పడి నవ్వింది. బత్తాయిని ఇంగ్లీషులో స్వీట్ లైమ్ అంటారు. లైమ్ అంటే సున్నం కూడా. స్పిన్నింగ్ సాఫ్ట్‌వేర్‌కు సున్నమే నచ్చింది. స్వీట్ తీసేసి చక్కెర పెట్టింది. మొత్తానికి మేము అమ్మేది చక్కెర సున్నం. గ్రాఫ్టింగ్ అంటే అంటు కట్టడం, గ్రాఫ్ట్ అంటే లంచగొండితనం అని ఇంకో అర్థం ఉంది. కాబట్టి మా దగ్గర నాణ్యమైన అవినీతి మొక్కలు దొరుకుతాయి. రూట్‌స్టాక్, అంటే అంటు కట్టడానికి కింద వాడే మొలక, కాస్తా వేర్ల షేర్లు అయిపోయింది.

నాయిన అర్థం చెప్పించుకుని విన్నాడు. "సున్నం చెట్టు మొదలుకు పూస్తం గానీ, అమ్ముతమారా? దీనికి ఎనిమిది వేలిచ్చినవా?"

ఆ లింకుల వల్ల శిక్ష ఏమీ పడలేదు. 2016 నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు లెక్కలోనే కలిసిపోయింది. ఇలాంటి చెత్త లింకులు కనబడితే సైటును కిందికి తోయడం కంటే వాటిని లెక్కలోకే తీసుకోకుండా వదిలేయడం దాని పద్ధతి. అంటే నా ఎనిమిది వేలు నీళ్లలో పోశాను, నీళ్లకు కూడా తెలియలేదు.

తర్వాత జరిగింది ప్లాన్ చేసి చేసింది కాదు. సైటు సొంతదారులకు గూగుల్ ఇచ్చే సర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు కొట్టి మా సైటు దాకా వస్తున్నారో చూస్తుంటే, "మొక్కలు కొనాలి" అని కొట్టినవాళ్లు అంతంతమాత్రమే. "బత్తాయి చెట్టు ఎండిపోతుంది", "బత్తాయి బంక కారుతుంది", అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, అదే మాట తప్పు స్పెల్లింగుతో. మా సైటులో బంక గురించి ఒక్క ముక్క లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు.

నాయిన్ని అడిగాను. అంట్ల షెడ్డులో కూర్చుని పని చేస్తూనే చెప్పాడు. రంగ్‌పూర్ నిమ్మ మొలక పెన్సిల్ లావు కాగానే, బెరడు మీద టీ ఆకారంలో గాటు పెడతాడు. తల్లి చెట్టు కొమ్మ నుంచి కన్నును, అంటే చిగురు వేసే మొగ్గను, చిన్న డాలు ఆకారంలో తీసి ఆ గాట్లోకి జారుస్తాడు. కన్ను మాత్రం బయటికి కనబడేట్టు ప్లాస్టిక్ పట్టీ చుడతాడు. మూడు వారాల తర్వాత కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టు. కింది వేరు రంగ్‌పూర్‌ది, పైన కాయ సాత్‌గుడి అనే బత్తాయి రకానిది. కింది నిమ్మ వేరు తెగులుకు కొంత ఓర్చుకుంటుంది, పైన ఉన్న బత్తాయి బెరడు ఓర్చుకోదు. అందుకే అంటు కట్టిన చోటు నేలకు కనీసం జానెడు పైన ఉండాలి. నాటేటప్పుడు లోతుగా పూడ్చినా, ఏటేటా పాదులో మట్టి ఎగదోసినా ఆ అతుకు మట్టిలోకి పోతుంది, తడికి తెగులు పట్టుకుంటుంది, బంక మొదలవుతుంది. బత్తాయి కాపుకొచ్చేదే నాలుగో ఏడో ఐదో ఏడో కాబట్టి, చాలామందికి తప్పు తెలిసేసరికి అన్నేళ్ల ఖర్చూ మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

ఇదంతా తెలుగులో రాశాను. అతుకు ఎలా ఉంటుందో వేలు పెట్టి చూపిస్తూ ఆరు ఫోటోలు పెట్టాను. మొక్కలు కొనండని ఎక్కడా రాయలేదు. మొహమాటం వల్ల తప్ప తెలివి వల్ల కాదు.

రెండు నెలలకు ఒక వ్యవసాయ పత్రిక వెబ్‌సైటు వాళ్లు వేసుకుంటామని అడిగారు. సంబరంగా మొత్తం ఇచ్చేశాను. అక్కడ ఇంకో దెబ్బ తిన్నాను. నా వాక్యాన్నే గూగుల్‌లో కొడితే వాళ్ల పేజీ పైన, నాది కింద. వాళ్ల సైటు పెద్దది మరి. అడిగితే పాపం వెంటనే నా పేజీకి లింకు పెట్టారు. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నా. అసలు వ్యాసం ముందు నా దగ్గరే వస్తుంది. బయటివాళ్లకు అదే విషయాన్ని ఇంకో వైపు నుంచి కొత్తగా రాసి ఇస్తాను. నర్సరీకి పోయినప్పుడు ఏమేం అడగాలి అనేది అలా వాళ్ల కోసం రాసిందే, వివరం కావాలంటే నా పేజీ చూడమని మధ్యలో ఒక లింకు. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చేసిందీ ఇదే కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. పేరు అదే ఆర్టికల్ మార్కెటింగ్. ఈసారి చదివేవాడు ఉన్నాడు, అంతే తేడా.

ఇంకో న్యూస్ సైటు వాళ్లు ఆర్టికల్ వేస్తాం, ఆరు వేలివ్వండి అన్నారు. డబ్బులిచ్చి పెట్టించుకున్న లింకుకు స్పాన్సర్డ్ అనో నోఫాలో అనో ట్యాగ్, అంటే దీన్ని మామూలు ఓటుగా లెక్కేయొద్దని చెప్పే గుర్తు, ఉండాలని గూగుల్ నియమం. నోఫాలో 2005 నుంచి ఉంది, స్పాన్సర్డ్ 2019లో వచ్చింది. ఆ ట్యాగ్ పెడతారా అని అడిగితే, "అదేంటి సార్, ఎక్స్‌ట్రా చార్జీనా?" అన్నాడు అవతలాయన. వద్దన్నాను.

రెండేళ్లలో నాకు దక్కిన అసలు లింకులు నాలుగంటే నాలుగు. పత్రికది, ఒక రిటైర్డ్ హార్టికల్చర్ ఆఫీసరు తన సైటులో పెట్టుకున్నది, ఇంకో రెండు. ఒక యూట్యూబ్ చానెల్ వీడియో కింద కూడా మా లింకు ఉంది. యూట్యూబ్‌లో అలా ఇచ్చే లింకులు నోఫాలో కాబట్టి ర్యాంకింగ్ లెక్కలో దానివల్ల ఒరిగేది తక్కువ. కానీ ఫోన్లు ఎక్కువ వచ్చింది దాన్నుంచే. ఈ సంగతి నాకు ఎలా తెలుసంటే, మా ఆవిడ లాంగ్ నోట్‌బుక్కులో గీతలు కొట్టి పేరు, ఊరు, ఎన్ని మొక్కలు, ఎట్లా తెలిసింది అని నాలుగు గడులు పెట్టింది. నాలుగో గడిలో మొదట్లో అన్నీ "చుట్టాలు", "మార్కెట్‌లో చెప్పిన్రు". ఇప్పుడు మూడో వంతు "నెట్‌ల చూసి". ఆ ఏడు వానలు బాగా పడి జనం మొక్కల మీద పడ్డారన్నదీ నిజమే, అంతా నా వ్యాసం గొప్పతనమే అనుకుంటే మా ఆవిడ ఒప్పుకోదు.

మొన్నటి మెసేజ్‌కు వస్తే, ఇప్పుడు ఆ వ్యాసాలు ఏఐతో రాస్తారట. శాంపిల్ అడిగితే పంపాడు. భాష నున్నగా ఉంది, సున్నం లేదు, అవినీతి లేదు. కానీ బత్తాయి నాటిన రెండో ఏడే మంచి దిగుబడి అని రాసి ఉంది. పాత సాఫ్ట్‌వేర్ కనీసం నవ్వించేది. ఇది నమ్మిస్తుంది. ర్యాంకింగ్ కోసం ఇలా గుట్టలుగా పేజీలు పోయడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో చేర్చింది. ఎవరు రాశారు, మనిషా మెషీనా అన్నదానితో దానికి పని లేదు. ఆయనకు అదే చెప్పాను. "సార్, అవన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు.

నిన్న సాయంత్రం గుర్రంపోడు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, నీ ఫోటోలు చూసి పారతోని మట్టి తీసి చూసిన. అతుకు జానెడు లోపల దొరికింది. నాలుగెకరాలు గట్లనే ఉన్నట్టుంది. ఇప్పుడేం జేయాలె?" మొక్కలు కొనే బేరం కాదు. నాకు జవాబు సగమే తెలుసు. ఫోన్ నాయినకిచ్చాను. మొదలు చుట్టూ మట్టి తీసి అతుకు బయటపెట్టమన్నాడు, బంక కారే చోట బెరడు గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి పూయమన్నాడు, మొదలుకు నీళ్లు తగలకుండా రెండు రింగుల పాదు చేయమన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. నేను పక్కన కూర్చుని నోట్‌బుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "సున్నం అని సరిగ్గ రాయి. చక్కెర కలపకు."