మూల స్తంభం దగ్గర రెండు దూలాల తగాదా

బెంగళూరు హొరమావులో మా మిద్దె మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున చెక్క పందిరి ఉంది. పాషన్ ఫ్రూట్ తీగ కోసం వేయించాను. మొదటి వేసవిలోనే, మే నెల గాలివానకు, వాయవ్య మూల విడిపోయింది. దూలం కిందపడలేదు. తీగే దాన్ని పట్టుకుని ఆపింది.

నిచ్చెన వేసుకుని చూశాను. మధ్య స్తంభాలు నిక్షేపంగా ఉన్నాయి. మూలలోనే చిక్కు. అక్కడి 4 అంగుళాల స్తంభం మీదికి రెండు వైపుల నుంచి దూలాలు ఒకే ఎత్తులో వస్తాయి. పని చేసినతను ఒకదాన్ని స్తంభానికి ఆనించి, రెండోదాన్ని మొదటి దాని కొన ముఖానికి, అంటే అడ్డంగా కోసిన చివరకు, మేకులతో కొట్టి వెళ్లిపోయాడు. కొన ముఖంలోకి దిగిన మేకు కర్ర నారల వెంటే పోతుంది, దానికి పట్టు తక్కువ. పైగా కర్ర మీద కర్ర ఎక్కడా కూర్చోలేదు, బరువంతా మేకులదే.

ఈసారి హిందూపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన వడ్రంగిని పిలిచాను. కొత్త కర్ర మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో కొన్నాం. స్తంభానికి పక్కపక్కనే ఉన్న రెండు ముఖాల్లో 1.5 అంగుళాల లోతు గాళ్లు (గంట్లు) తీసి దూలాలను కూర్చోబెడదామన్నాను.

"ఒకే ఎత్తులో రెండు పక్కలా కోస్తే స్తంభంలో ఏం మిగులుతుంది సార్?" అన్నాడాయన.

లెక్క వేస్తే 16 చదరపు అంగుళాల్లో మిగిలేది 6.25. సిగ్గేసింది. నేను లెక్కల మాస్టారిని.

కుర్చీలో కూర్చుని వింటున్న అమ్మ అందుకుంది. "మా ఊళ్లో పంగ ఉన్న గుంజలు పాతేవాళ్లు. పంగలో ఒక వాసం, దాని మీద అడ్డంగా ఇంకోటి. రెండూ ఒకచోటే దూర్చాలని ఎందుకురా నీకు?"

అదే చేశాం. పొట్టి వైపు దూలాలను 6 అంగుళాలు కిందికి దించి, పొడవు వైపువి పైన ఉంచాం. గాళ్లు వేర్వేరు ఎత్తుల్లో పడ్డాయి కనుక ఏ కోత దగ్గర చూసినా 10 చదరపు అంగుళాల కర్ర నిలిచింది. బరువు గాడి అడుగు మోస్తుంది, బోల్టులు దూలాన్ని పక్కకు జారనివ్వవు. ఒక్కో అతుకుకు రెండు బోల్టులు, అవి కూడా ఐమూలగా. రెండూ ఒకే నార మీద పడితే కర్ర చీలుతుందట. కోసిన ముఖాలకు బిగించకముందే నూనె పట్టించాం. మూలల్లో ఏటవాలు దన్నుకర్రలు చూడడానికి బాగుండవని వద్దన్నాను. ఆయన స్తంభాన్ని చేత్తో ఊపి చూపించాడు. కీళ్లు వదిలిన మంచంలా ఊగింది. సరే అన్నాను.

కర్ర పూర్తిగా ఆరినది కాదని తర్వాత తెలిసింది. ఆరేకొద్దీ కర్ర కుంచించుకుని బోల్టులు వదులయ్యాయి. మొన్న ఏప్రిల్లో బిగిస్తే నట్లు ఒక్కొక్కటి అర చుట్టు తిరిగాయి, వాయవ్య మూలది ముప్పావు చుట్టు. అమ్మకు చెప్పలేదు. కొబ్బరి తాడు కట్టి ఉంటే సరిపోయేది కదా అంటుంది.