పదహారు ఊహాదేశాలు, ఒక కాఫీ పొడి డబ్బా

వేసవి సెలవులకు అక్క పిల్లలిద్దరూ మా ఇంటికి వచ్చారు. పెద్దదానికి పదమూడేళ్లు, చిన్నవాడికి పది. వచ్చిన మూడో రోజే పాత క్యాలెండర్ కాగితం వెనుక ఒక సముద్రం, దాని చుట్టూ పదహారు దేశాలు గీసి నా ముందు పరిచారు. “వీటన్నిటికీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పెట్టాలి పిన్నీ, నువ్వే జరిపించాలి” అన్నారు. సరే అన్నాను. అదెంత పనో అప్పటికి నాకు తెలియదు.

దేశాలకు పేర్లు, జెండాలు, పదకొండు మంది చొప్పున ఆటగాళ్లు వాళ్లే రాసుకున్నారు. చిన్నవాడికి ప్రాణప్రదమైన దేశం ఉప్పుదీవి. జనాభా నాలుగు వేలే కాబట్టి అక్కడి దీపస్తంభం కాపలాదారే గోల్‌కీపర్ అని రాశాడు. అక్క కూతురు అలా ఎక్కడైనా ఉంటుందా అని కొట్టిపారేసింది. నేను ఐస్‌లాండ్ సంగతి చెప్పాను. 2018 ప్రపంచ కప్‌లో ఆ జట్టు గోల్‌కీపర్ హానెస్ హాల్డోర్సన్ సినిమా దర్శకుడు, కోచ్ హైమిర్ హాల్‌గ్రిమ్సన్ దంతవైద్యుడు. అర్జెంటీనాతో ఆటలో మెస్సీ కొట్టిన పెనాల్టీని ఆపింది ఆ సినిమా దర్శకుడే. దాంతో దీపస్తంభం మనిషికి జట్టులో చోటు ఖాయమైంది.

నాలుగు గ్రూపులు, ఒక్కోదానిలో ఆరు ఆటలు, మొత్తం ఇరవై నాలుగు. ఆపైన క్వార్టర్ ఫైనల్స్ నాలుగు, సెమీస్ రెండు, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్ ఒకటి. కలిపితే 32. పట్టిక వేయడానికి అరగంట పట్టింది.

కష్టమంతా గోల్స్ దగ్గర వచ్చింది. మొదట పాచికలు వేశాం. 6–5, 4–6, 3–5 లాంటి స్కోర్లు వచ్చాయి. సున్నా అన్నదే లేదు. “ఇది ఫుట్‌బాల్ కాదు” అని చిన్నవాడే పాచికలు పక్కన పెట్టేశాడు. వాడి మాట నిజం. ఫుట్‌బాల్‌లో గోల్ అంత సులువుగా రాదు. అందుకే అది పడ్డప్పుడు ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది.

నేను ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు పాయిజాన్ విభాజనం చెబుతాను. సగటు తెలిస్తే, అరుదుగా జరిగేది సున్నాసార్లు, ఒకసారి, రెండుసార్లు జరిగే అవకాశం ఎంతో చెప్పే లెక్క అది. ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న ఆ సూత్రం ఇంట్లో పనికొచ్చింది ఆ రోజే. ఒక జట్టు ఆటకు సగటున 1.3 గోల్స్ చేస్తుందనుకుని లెక్క కట్టాను. వంద చీటీలు కత్తిరించాం. 27 చీటీల మీద సున్నా, 35 మీద ఒకటి, 23 మీద రెండు, 10 మీద మూడు, నాలుగు చీటీల మీద నాలుగు, ఒకే ఒక్క చీటీ మీద ఐదు. అన్నీ ఒకే కొలతలో మడిచి, ఖాళీ అయిన కాఫీ పొడి డబ్బాలో వేశాం. తీసిన చీటీ తిరిగి వేయకపోతే తర్వాతి జట్టుకు అన్యాయం జరుగుతుందని ముందుగా పట్టుకున్నది పెద్దది. తరగతిలో అరవై మందికి చెప్పినా కలగని సంతోషం నాకు అప్పుడు కలిగింది.

బలమైన జట్లకు వేరే డబ్బా ఉండాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఫిఫా 2018 నుంచి ఎలో పద్ధతి ఆధారంగా, అంటే ఎదుటి జట్టు బలాన్ని బట్టి గెలుపోటములకు పాయింట్లు కలుపుతూ తీస్తూ ర్యాంకులు కడుతోంది, కానీ దానికి పాత ఫలితాలు కావాలి. మా దేశాలకింకా చరిత్రే లేదు. మొదటిసారికి అందరూ సమానమే అనుకున్నాం.

గ్రూపు చివరి రోజు రెండు ఆటల చీటీలు ఒకేసారి విప్పాలని నేను పట్టుబట్టాను. 1982 ప్రపంచ కప్‌లో, స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1–0తో ఇద్దరూ ముందుకు వెళ్లడానికి సరిపోయే ఫలితం తెచ్చుకోవడంతో, అంతకుముందు రోజే ఆటలు ముగించుకున్న అల్జీరియా ఇంటిదారి పట్టింది. 1986 నుంచి చివరి ఆటలు ఒకే సమయానికి పెడుతున్నారు. ఇంత జాగ్రత్తపడ్డ నేను అసలైన నియమం రాయడం మరిచిపోయాను.

రెండో గ్రూపులో ఉప్పుదీవి ఫలితాలు 1–1, 2–0, 0–1. పెద్దదాని వెన్నెలసీమవి 1–1, 0–1, 2–0. ఇద్దరికీ నాలుగేసి పాయింట్లు, కొట్టినవి మూడు, ఇచ్చినవి రెండు, ముఖాముఖి డ్రా. రెండో స్థానం ఎవరిది? ఇల్లు దద్దరిల్లింది. నేను ఏది చెప్పినా ఒకరి పక్షం వహించినట్టే అవుతుంది. 2018లో జపాన్, సెనెగల్ ఇలాగే సమానమైతే పసుపు కార్డులు తక్కువైన జపాన్ ముందుకు వెళ్లింది. మా డబ్బాలో కార్డులు లేవు. 1990లో ఐర్లాండ్, నెదర్లాండ్స్ స్థానాలు తేల్చడానికి లాటరీ తీశారు. ఆ సంగతి వాళ్లకు చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నాకే రెండు చీటీలు రాశాను. పక్కింటి మామ్మగారిని పిలిచి ఒకటి తీయమన్నాం. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, మడత విప్పి, “వెన్నెలసీమ” అని నెమ్మదిగా చదివారు.

చిన్నవాడు ఏడవలేదు. నోట్‌బుక్ తెరిచి దీపస్తంభం మనిషి పేరు పక్కన “మూడు ఆటలు, రెండే గోల్స్ ఇచ్చాడు” అని రాసుకుని, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నియమం ముందే రాసి ఉంటే వాడికి ఆ బాధ ఉన్నా, ఆ అనుమానం ఉండేది కాదు.

ఫైనల్ మర్నాటి సాయంత్రం జరిగింది. వెన్నెలసీమ సెమీస్‌లోనే ఓడిపోయింది.

దసరా సెలవులకు రెండో కప్ అని ఇప్పటికే కబురు వచ్చింది. ఈసారి నియమాల పేజీ చిన్నవాడు రాస్తున్నాడట. పాయింట్లు, గోల్స్ సమానమైతే ఏం చేయాలన్నదే అందులో మొదటి నియమం.