దుబాయ్ టు డాలస్ 16 గంటలు

అమ్మని తీసుకుని డాలస్ వచ్చిపడ్డాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటల్లో అయిపోయింది గానీ అసలు కథ అక్కడ్నుంచే, దాదాపు 12,900 కిలోమీటర్లు, 16 గంటలు ఒకే సీట్లో. స్క్రీన్ మీద మ్యాప్ చూసి అమ్మ "ఏంట్రా, అమెరికా పడమర కదా, వీడు పైపైకి పోతున్నాడేంటి" అని ఒకటే గొడవ. భూమి గుండ్రం కదమ్మా, ఉత్తర ధ్రువం వైపుగా పోతేనే దగ్గర అని చెప్తే దుప్పటి గడ్డందాకా లాక్కుని "అందుకేనా ఇంత చలి" అంది 😄 తిరుగు ప్రయాణం గంట పైనే తగ్గుద్ది, తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తది కాబట్టి. అమ్మ కాళ్ళు మాత్రం ఇంకా వాచే ఉన్నాయి, ఈసారి డబ్బులెక్కువైనా నడిచే దారి పక్కనుండే ఐల్ సీటే బుక్ చేస్తా.