ఆకుపచ్చ టిక్కు కోసం నాలుగు రోజులు

నిన్న రాత్రి పదకొండింటికి మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో నా వంటల సైటు లింకు పక్కన ఆకుపచ్చ టిక్కు వచ్చింది. ఆ సైటు ఈ ఖాతావాళ్ళదే అని దానర్థం. నా పేరుతో, నా ఫోటోతో ఎవరో ఇంకో ఖాతా తెరవడంతో, అసలు ఖాతా నాదేనని చూపడానికి ఈ తిప్పలు పడాల్సి వచ్చింది.

పద్ధతి చిన్నదే. ప్రొఫైల్‌లో సైటు చిరునామా ఇవ్వాలి. సైటులోంచి ప్రొఫైల్‌కి లింకు పెట్టి, ఆ లింకు కోడ్ ముక్కలో (దాన్ని ట్యాగు అంటారు) 'రెల్' (rel, అంటే సంబంధం) అన్నచోట 'మి' (me) అని రాయాలి. 'అదీ నేనే' అని దానర్థం. లింకుల్లో మనుషుల మధ్య సంబంధాలు చెప్పే ఎక్స్‌ఎఫ్ఎన్ అనే పద్ధతిలోని మాట ఇది. రెండు వైపులా లింకు ఉంటేనే టిక్కు వస్తుంది కాబట్టి నా సైటు తమదని ఇంకెవరూ చెప్పుకోలేరు.

రాశాను. రాలేదు. మూడు రోజులు మార్చి మార్చి రాశాను. సైటు చేసిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, "ఇవన్నీ టెక్నికల్ మేడమ్, మీకు అర్థం కావు. ఇంట్లో అబ్బాయిలెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి" అన్నాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని నేను! ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచి ఒక్కో లైనూ చదివాను. నా లింకులో రెండు రెల్‌లు ఉన్నాయి. బయటికి వెళ్ళే ప్రతి లింకుకీ ఆ కంపెనీవాళ్ళ థీమ్ (సైటుకి రూపమిచ్చే ఫైళ్ళు) రెల్‌లో ముందే 'నోఫాలో' తగిలిస్తోంది. ఒకే ట్యాగులో రెల్ రెండుసార్లు వస్తే మొదటిదే చెల్లుతుంది, నాది గాల్లో కలిసిపోతుంది. నోఫాలో అంటే 'ఈ లింకుకి నా పూచీ లేదు' అని. కామెంట్లలో చెత్త లింకులు పెట్టేవాళ్ళని అడ్డుకోవడానికి 2005లో గూగుల్ తెచ్చింది. నా ఖాతాకి, నేను ఏరి కోరి పెట్టుకున్న స్నేహితుల సైట్లకి నా పూచీ లేదని నన్నడక్కుండా రాయడానికి వీళ్ళెవరు? సైటు చేయించుకునేవాళ్ళు డబ్బు కట్టేముందే ఈ సంగతి అడగండి.

థీమ్ ఫైల్లో నోఫాలో తీసేసి ఒకే రెల్ ఉంచాను. ఇంకేమైనా చేర్చాలంటే అందులోనే ఖాళీ వదిలి రాయాలి. తర్వాత మాస్టొడాన్ ప్రొఫైల్‌ని మళ్ళీ సేవ్ చేయడం మర్చిపోకండి, తనిఖీ అప్పుడే జరుగుతుంది.

ఈరోజు స్నేహితుల లింకులు సరిచేస్తున్నాను. రాజమండ్రి స్నేహితురాలి సైటు లింకుకి రెల్‌లో 'ఫ్రెండ్ మెట్' అని రాశాను. స్నేహితురాలు, ముఖాముఖి కలిశాం అని. ఇంకా ఇరవై ఆరు లింకులు మిగిలాయి.