దుక్కిలో దింపితే 20 నిమిషాలకే మరిగే పాత ట్రాక్టర్: ఇప్పటిదాకా జరిగిన పని

బండి మూడు సిలిండర్ల పాత డీజిల్, 35 హార్స్‌పవర్. ఖాళీగా తిప్పితే గంటసేపైనా ఇంజను వేడి చూపే మీటర్ ముల్లు పచ్చ గీత దాటదు. రోటవేటర్ తగిలించి దుక్కిలో దింపితే మాత్రం 20 నిమిషాల్లో ఎర్ర గీత, ఇంకో ఐదు నిమిషాలకు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి ఆవిరి. చూసినవాళ్ళంతా ఒకటే మాట: "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దింపు." హెడ్ అంటే సిలిండర్ల మీది మూత, గాస్కెట్ అంటే ఆ రెంటి మధ్య ఉండే పల్చటి పట్టీ. హెడ్ దింపడమంటే నాకు ఒక్కడికి రెండు వారాంతాల పని. కొలిచి చూసుకోకుండా పానా పట్టకూడదనుకున్నాను.

మొదటి శనివారం

అసలు వేడెక్కుతోందా, మీటరే అబద్ధం చెబుతోందా? ముందు అది తేలాలి. మీటర్ బల్బు, అంటే ఇంజను నీళ్ళలో మునిగి వేడి పసిగట్టే కొన, ఊడదీసి మరిగే నీళ్ళలో ముంచితే 96 చూపించింది. 100 చూపాల్సింది, అంటే నాలుగు డిగ్రీలు తక్కువే చెబుతోంది. అబద్ధం ఉంది కానీ నాకు అనుకూలంగా లేదు.

తర్వాత రేడియేటర్. ముందు జాలీ తీసి చూస్తే బాగానే కనిపించింది. వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు ఇవతలికి రాలేదు. ఊక, దుమ్ము, కారిన ఆయిల్ కలిసి రేకుల మధ్య దుప్పటిలా పట్టేశాయి. ఫ్యాన్ గాలిని ముందునుంచి ఇంజను వైపు లాగుతుంది కాబట్టి చెత్తను వెనకనుంచి ముందుకే తోయాలి, లేకపోతే ఇంకా లోపలికి దిగుతుంది. ప్రెషర్ వాషర్ వాడలేదు, దగ్గర పెడితే ఆ సన్నటి రేకులు వంగిపోతాయి. సబ్బు నీళ్ళు చల్లి, నానబెట్టి, మామూలు పైపుతో కడిగితే రెండు గంటలు పట్టింది. ట్రాక్టరుకు కారులాగా ఎదురుగాలి సాయం ఉండదు. నడిచేదే గంటకు నాలుగైదు కిలోమీటర్లు. ఉన్న గాలంతా ఫ్యాన్‌దే.

ఫలితం: 20 నిమిషాలు 28 అయ్యాయి. అంతే.

ఆదివారం, చిన్న చిన్నవి

ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు దిగింది, ఫర్వాలేదు. బెల్టు పుల్లీ గాడి అడుక్కి ఆనుతోందేమో కూడా చూశాను. ఆనితే ఎంత బిగించినా జారుతుంది. ఆనడం లేదు.

రేడియేటర్ మూత రబ్బరు బిస్కెట్టులా విరిగింది. మార్చాను. అర బార్ ఒత్తిడి నిలబడితే నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. మూత బిగుతుగా ఉన్నంత మాత్రాన ఇంజను చల్లబడదు, పొంగడం కాస్త వాయిదా పడుతుంది. ఈ రెండూ వేరని నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైంది.

థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు వదలని చిన్న వాల్వు) చూద్దామని పైన హౌసింగ్ విప్పితే లోపల ఏమీ లేదు! ఎప్పుడో ఎవరో వేడి తగ్గుతుందని తీసేసినట్టున్నారు. దీనితో చలికాలం ఇంజను వేడే ఎక్కదు, ఆయిల్ పాడవుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పైగా కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, వేడి నీళ్ళు కొన్ని రేడియేటర్‌కు వెళ్ళకుండానే లోపల తిరిగేస్తాయి. 82 డిగ్రీలది కొత్తది తెచ్చాను. బిగించే ముందు గిన్నెలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచాను. గిన్నె అడుగుకు ఏదీ తగలకూడదు, అంకె తప్పొస్తుంది. 82 దగ్గర కదిలింది, 95కు పూర్తిగా తెరుచుకుంది.

గాస్కెట్ సంగతి

అందరి నోటా అదే కాబట్టి తేల్చేద్దామనుకున్నాను. చల్లటి ఇంజను మీద బెల్టు తీసేసి, రేడియేటర్ మెడ దాకా నీళ్ళు నింపి, మూత పెట్టకుండా స్టార్ట్ చేశాను. నీళ్ళు తిప్పే పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది, అది ఆగితే నీళ్ళు కదలవు. గాస్కెట్ పోయి ఉంటే సిలిండర్ గ్యాసు బుడగలుగా పైకి రావాలి. నిమిషంన్నర చూసి ఆపేశాను, బెల్టు లేకుండా అంతకన్నా నడపకూడదు. ఒక్క బుడగ లేదు. డిప్‌స్టిక్ మీద పాలలాంటి నురగ లేదు. సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. దీనితో నూటికి నూరుపాళ్ళు తేలిపోయినట్టు కాదు కానీ, హెడ్ జోలికి పోకుండా ఉండటానికి నాకిది చాలు.

రెండో వారం: అంకెలు మాట్లాడటం మొదలైంది

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి తెచ్చుకున్నాను. మెరిసే ఇత్తడి మీద అది తప్పు చూపిస్తుంది, అందుకే రేడియేటర్ పైట్యాంకు మీద, కిందిట్యాంకు మీద నల్ల టేపు ముక్కలు అంటించాను. దుక్కిలో 25 నిమిషాలు నడిపి, ఆపీ ఆపగానే కొలిచాను. పైన 98. కింద 61. తేడా 37 డిగ్రీలు!

రెండు ట్యాంకులూ దాదాపు ఒకే వేడిలో ఉంటే గాలి చాలడం లేదనుకోవాలి. తేడా ఇంత ఉంటే గాలి బాగానే తగులుతోంది, నీళ్ళే సరిగ్గా పారడం లేదని అర్థం. లోపలికి వెళ్ళిన ఆ కాసిని నీళ్ళూ తీరిగ్గా చల్లారి కిందికి దిగుతున్నాయి.

ఈసారి బండి నిలిపి, యాక్సిలరేటర్ పెంచి కింది హోస్ పైపు మీద కన్నేశాను. మామూలు స్పీడులో గుండ్రంగా ఉన్న పైపు, స్పీడు పెరిగేకొద్దీ మధ్యలో చప్పిడి అయిపోయింది. దొరికిందని గంతేశాను. లోపల స్ప్రింగు ఉన్న కొత్త పైపు వేశాను. వేడి కాస్త తగ్గింది, కానీ 40 నిమిషాలకు మళ్ళీ ఎర్ర గీత. కొత్త పైపు కూడా స్ప్రింగు మీదికి నొక్కుకుపోతోంది.

అప్పుడు వెలిగింది. పంపు లాగుతోంది, రేడియేటర్ ఇవ్వడం లేదు. పైపు తప్పేమీ లేదు పాపం. రేడియేటర్ ముఖం మీద గీతలుగా వేడి కొలుచుకుంటూ పోతే కింది ఎడమ మూల మొత్తం చల్లగా ఉంది. అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. విప్పి, కింది రంధ్రం అరచేత్తో మూసి, నిండా నీళ్ళు పోసి వదిలితే భళ్ళున పడాల్సినవి ధారలా కారాయి.

అసలు బురద ఎక్కడిది?

ఒక్క రేడియేటర్ కడిగి బిగిస్తే నెలకు మళ్ళీ ఇదే కథ. ఇక్కడ నా మందబుద్ధి ఒప్పుకోవాలి. మొదటినుంచీ నీళ్ళు వదిలి నింపినప్పుడల్లా 8 లీటర్లకే నిండేది. మాన్యువల్‌లో 12 అని ఉంది. మిగతావి ఇంజను బ్లాకులోనే ఉండిపోయాయిలే అని ఊరుకున్నాను. బ్లాకు పక్కన కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్గు పూర్తిగా విప్పితే ఒక్క చుక్క రాలేదు. గట్టి తీగతో పొడిస్తే తుప్పు, ఇసుక కలిసిన ఎర్ర ముద్ద పేస్టులా ఊడిపడింది. వెనక సిలిండర్ చుట్టూ మరీ ఎక్కువ.

థర్మోస్టాట్ తీసేసి, 10 లీటర్ల నీళ్ళకు సుమారు అర కిలో నిమ్మఉప్పు కలిపి పోసి, ఇంజను వేడెక్కించి, ఒక గంట తిప్పి వదిలాను. ఇలా రెండుసార్లు. ఈ ఇంజను పోత ఇనుము, రేడియేటర్ రాగి ఇత్తడి కాబట్టి ధైర్యం చేశాను, అల్యూమినియం భాగాలుంటే చేసేవాణ్ణి కాదు. తర్వాత వంట సోడా నీళ్ళతో ఒకసారి, పైపు ఎదురు పెట్టి తేట నీళ్ళు వచ్చేదాకా ఇంకోసారి. రేడియేటర్‌ను విడిగా పైట్యాంకు విప్పించి, గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేయించాను.

థర్మోస్టాట్ మళ్ళీ పెట్టి నింపితే 11 లీటర్ల పైచిలుకు పట్టింది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఉట్టి బోరు నీళ్ళు ఇక పోయను.

నిన్న గంటన్నర రోటవేటర్ లాగింది. మీటర్ తప్పు కలుపుకుంటే 88, పైన 87, కింద 76. పైపు గుండ్రంగానే ఉంది. కాకపోతే ఆపాక చూస్తే వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రంలోంచి పది నిమిషాలకో చుక్క పడుతోంది. ఇన్నాళ్ళూ పంపు సీలు కారకుండా బురదే ఆపిందో ఏమో. వచ్చే శనివారం పంపు విప్పుతాను.