పక్క సీటువాడి రేటింగే అసలు సాక్ష్యం

మేనేజర్ ఓసారి "మీ ఇండియన్లకి మాట్లాడటం రాదు" అన్నాడంటే ఉద్యోగంలో వివక్ష చూపారని వేసిన కేసు గెలిచినట్టేనని అమెరికాలో మనవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ మాటకి అంత బరువుండదు. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసిన మనిషే, తీసేసే రోజుల్లోనే, ఆ తీసేయడం గురించే అని ఉంటే గట్టి ఆధారం. ఏడాది కింద లంచ్‌లో వేరే టీమ్ లీడ్ అన్నదాన్ని కోర్టు దాదాపు పక్కన పెట్టేస్తుంది.

ఇంత సూటి మాట దొరకడం అరుదు. అందుకే 1973లో మెక్‌డోనెల్ డగ్లస్ కేసులో సుప్రీంకోర్టు ఒక వరుస చెప్పింది. పనికి అర్హుణ్నే, అయినా నష్టం జరిగింది, తీరు చూస్తే వివక్ష అనిపిస్తోందని ముందు ఉద్యోగి చూపాలి. ఇది పెద్ద కష్టం కాదు. అప్పుడు కంపెనీ ఓ కారణం చెబుతుంది, సాధారణంగా "పనితీరు బాగోలేదు" అని. అది ఉత్త సాకని తేల్చే భారం మళ్లీ ఉద్యోగిదే. కేసులు ఎక్కువగా కూలేది ఇక్కడే.

సాకుని బయటపెట్టడంలో పోలికకి మించింది లేదు. అదే మేనేజర్ కింద, అదే హోదాలో, అదే తప్పు చేసిన వేరే జాతివాడికి ఒక హెచ్చరికతో సరిపెట్టి మీకు పీఐపీ (పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టే కాగితం) ఇచ్చారా? పది పేర్లు రాసుకొస్తారు గానీ అందులో ఎనిమిది మంది మేనేజర్లే వేరు. అన్నీ కలిసిన ఒక్క పేరు చాలు. తరవాతిది, మారిన కారణం: లేఆఫ్ మెయిల్లో బడ్జెట్ అని రాసి, ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థకి) ఇచ్చిన జవాబులో పనితీరు అంటే అనుమానం బలపడుతుంది. డిసెంబరులో మంచి రేటింగు, ఫిబ్రవరిలో పీఐపీ కూడా పనికొస్తుంది. మధ్యలో కొత్త మేనేజర్ వచ్చి ఉంటే మాత్రం కంపెనీకి జవాబు దొరికినట్టే. మిమ్మల్ని తీసుకున్నవాడే కొద్దికాలానికే తీసేస్తే, జాతి మీద ద్వేషమే ఉంటే ముందు ఎందుకు తీసుకున్నాడని చాలా కోర్టులు అడుగుతాయి.

ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించారనే వాదన ఒక్కోసారి అసలు వాదన కన్నా బలంగా నిలుస్తుంది. కాకపోతే హెచ్ఆర్‌కి పంపిన మెయిల్లో "అన్యాయం" అని రాస్తే చాలదు, జాతి వల్లో దేశం వల్లో అని ఉండాలి. ఫిర్యాదుకీ చర్యకీ మధ్య 20 నెలల ఎడం ఉంటే దానివల్ల ఏమీ తేలదని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పీఐపీ ముందే మొదలై ఉంటే ఇంకా కష్టం.

"వీసావాళ్లని తీసుకోం" అన్నది ఒక్కటే టైటిల్ 7 (ఉద్యోగంలో వివక్షని నిషేధించే ఫెడరల్ చట్టం) కిందికి రాదు. ఆ చట్టం జాతీయ మూలాన్ని కాపాడుతుంది, పౌరసత్వాన్ని కాదు.

ఆధారాల కోసం కంపెనీ ఫైళ్లని సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. కేసు గెలిచినా, ఆ కారణంగా రావలసిన జీతం బకాయి తగ్గిపోవచ్చు. తేదీ, మాట, పక్కన ఎవరున్నారో ఏ రోజుకారోజు సొంత పుస్తకంలో రాసుకోవాలి. రహస్య రికార్డింగుకి టెక్సాస్‌లో మీ ఒక్కరి ఒప్పుకోలు చాలు. కాలిఫోర్నియాలో, ఏకాంత సంభాషణైతే, అందరూ ఒప్పుకోవాలి.

ఈఈఓసీకి ఫిర్యాదు చేసే గడువు చాలా రాష్ట్రాల్లో 300 రోజులు, అలాంటి రాష్ట్ర సంస్థ లేనిచోట 180. లెక్క మొదలయ్యేది నిర్ణయం తెలిసిన రోజు నుంచి, ఆఖరి పనిదినం నుంచి కాదు. హెచ్1బీ వాళ్లకి ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులే. ఆ కంగారులో సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కాగితం మీద సంతకం పెట్టేస్తారు. హక్కులు వదులుకుంటున్నానన్న క్లాజు అందులో ఉంటే, పోగేసిన ఆధారాలన్నీ ఉన్నా కంపెనీ నుంచి పరిహారం రాబట్టే దారి సాధారణంగా మూసుకుపోతుంది.