బోర్డు మీద అడ్డగీత

పొద్దున పంచాయతీ ఆవరణలో, ఊరి నీటి పరీక్షల ఫలితాలు రాసే బోర్డు దగ్గర విన్న మాట ఒకటి రాత్రి పదకొండు దాటినా మనసులో తిరుగుతూనే ఉంది. "నోటితో ఎంతమందికైనా చెప్పుకో అమ్మా, బోర్డు మీద మాత్రం రాయొద్దు" అన్నారు మా ఊరి పెద్దాయన ఒకరు. ఆయన గొంతులో కోపం లేదు, బెదిరింపూ లేదు. ఇంటి ఆడపిల్లకు బుద్ధి చెప్పే ధోరణిలోనే అన్నారు. నాకు ఎక్కువ కష్టం కలిగించింది ఆ ధోరణే.

ఊరి నీళ్ళు పరీక్షించడానికి మాకు శిక్షణ ఇచ్చి అప్పగించిన కిట్టు మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది. ఈరోజు రామాలయం వీధి బోరింగు వంతు. గొట్టాన్ని ఆ నీళ్ళతోనే తొలిచి, గీత దాకా నింపి, మందు చుక్కలు వేసి, తెల్ల కాగితానికి ఎదురుగా పట్టుకుని చూశాము. ఈ మందు చూపేది ఫ్లోరైడును, నీళ్ళలో ఎక్కువైతే ఎముకలను దెబ్బతీసే దాన్ని. అది తక్కువగా ఉంటే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపులోకి దిగుతుంది. మా గొట్టంలో గులాబీ ఛాయే మిగలలేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే ఆధారం లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. రంగుల పట్టీ పక్కన పెట్టి చూస్తే మా పసుపు ఆ 1.5 గడిని దాటింది. అంగన్‌వాడీ కుళాయి నీళ్ళు పోసి ఉంచిన సీసా మాత్రం రెండో రోజుకు కూడా నల్లబడలేదు, అంటే మలినం కలిసిన జాడ కనిపించలేదు. అందుకు సంతోషమే.

బోర్డు మీద పీహెచ్, క్లోరిన్, నైట్రేటు గడులన్నీ నింపనిచ్చి, ఫ్లోరైడు గడిలో అడ్డగీత గీయించారు. కారణం అడిగితే పెళ్ళి సంబంధాల మాట ఎత్తారు. "ఫ్లోరిన్ ఊరు" అన్న పేరు పడితే పిల్లనిచ్చేవాళ్ళు వెనకాడతారట, పొలాల ధర పడిపోతుందట. శిక్షణ ఇచ్చి, కిట్టు చేతికిచ్చి, రిజిస్టరు రాయించి, తీరా ఊరంతా చూసే చోట ఒక్క గడి నింపవద్దంటే, ఈ పరీక్ష ఎవరి కోసం చేసినట్టు? ఆ బోరింగు దగ్గర బిందె పెట్టే మనిషికి తెలియకుండా రిజిస్టరులో దాచుకునే ఫలితం ఎందుకు?

దర్శిలో ఉండే మా పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె ఎవరినైనా చూడాలంటే మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగేది. నడుము వంగిపోయి, వాకిట్లో ముగ్గు పెట్టడానికి వంగితే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకునేది. నేల మీద కూర్చోలేక, పెళ్ళి పందిట్లో అందరూ చాపల మీద బంతికి కూర్చుంటే ఆమెకు విడిగా స్టూలు వేసేవారు. ఆ స్టూలు మీద కూర్చోవడానికి ఆమె పడిన సిగ్గు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇంట్లోవాళ్ళు దాన్ని వాతం అనుకున్నారు, తైలాలు మర్దన చేశారు. అందరికీ ఇష్టమైన నీళ్ళు మాత్రం వాళ్ళ పెరటి బావివే. తియ్యగా ఉంటాయనీ, కందిపప్పు ఇట్టే ఉడుకుతుందనీ పక్క వీధివాళ్ళు కూడా తోడుకుని వెళ్ళేవారు. సున్నం తక్కువగా ఉన్న మెత్తటి నీళ్ళలో పప్పు త్వరగా ఉడుకుతుంది, మన వైపు రాతి నేలల్లో అలాంటి నీళ్ళలోనే ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉంటుంది. రుచికీ వాసనకూ అందని దాన్ని పప్పు పెట్టి పరీక్షించిన కాలం అది. షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బు గురించి వైద్య పత్రికలో 1937లోనే ప్రచురించారు. ఆ సంగతి పెద్దమ్మ బావి గట్టు దాకా రాలేదు.

ఇంతవరకు రాసేటప్పటికి, రేపు నేనే ఎర్ర రంగు డబ్బా కొని బోరింగుకు పూయాలన్నంత పట్టుదల వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ అనే విషం ఎక్కువగా ఉన్న గొట్టపు బావులకు ఎర్ర రంగూ, లేనివాటికి ఆకుపచ్చ రంగూ వేశారు. అయితే అక్కడ చాలా ఊళ్ళలో ఎర్ర బావికి కొద్ది దూరంలోనే ఆకుపచ్చ బావి ఒకటి దొరికేది. రామాలయం వీధికి ఆకుపచ్చ బావి ఏది? సాగర్ నీళ్ళు వచ్చే కుళాయి రోజు విడిచి రోజు, అదీ కూలికి వెళ్ళినవాళ్ళు ఇంట్లో లేని వేళకు వస్తుంది. ఎర్ర రంగు చూసి భయపడినవాళ్ళు ప్లాంటు క్యానుకు పోతారు, డబ్బు లేనివాళ్ళు ఆ ఎర్ర బోరింగు నీళ్ళే భయంతో తాగుతారు. ఆ క్యాను నీళ్ళను మేము ఇంతవరకు పరీక్షించనే లేదు. ఆర్‌వో యంత్రం ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది గానీ, ఆ నీటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి క్యాను సరిగా కడగకపోతే క్రిములు పెరుగుతాయి. మరిగించి తాగమని చెబుదామంటారు అత్తయ్యగారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన దానిలో ఇంకాస్త చిక్కబడుతుంది.

కాబట్టి పెద్దాయన తొందరపడవద్దన్నంత వరకు నేను ఒప్పుకుంటాను. కిట్టులో కనబడే రంగు మొదటి హెచ్చరికే, ల్యాబు తేల్చిన అంకెతో సమానం కాదు. దానిని పట్టుకుని ఒక ఊరికి పేరు పెట్టడం న్యాయం కాదు. అడ్డగీతను మాత్రం ఒప్పుకోలేను. అడ్డగీత చూసినవాళ్ళు పరీక్ష జరగలేదనుకుంటారు, లేదా అంతా బాగుందనుకుంటారు. ఆ గడిలో తేదీతో సహా "కిట్టులో ఎక్కువ కనబడింది, ల్యాబుకు పంపుతున్నాము, అందాకా ఈ నీళ్ళు స్నానానికీ బట్టలకే వాడండి" అని రాయాలి. పిల్లల పాలపొడిలో ఈ నీళ్ళు కలపవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం ఎలాగూ మా పనే. నమూనా సీసా కడిగి బోర్లించాను. రేపు కార్యదర్శిగారిని అడగవలసింది ఒకటే: ల్యాబు ఫలితం వచ్చేదాకా రామాలయం వీధికి కుళాయి నీళ్ళు రోజూ, కూలికి బయలుదేరకముందే వదలగలరా, లేకపోతే ట్యాంకరు పంపగలరా అని.